డేరా వెనక కాగితాలు

ఒక బొమ్మల కంపెనీ. గోడల నిండా రంగులు, నవ్వు ముఖాల బొమ్మలు, ఎక్కడ విన్నా పిల్లల పాటలు. ఒకరోజు ఉన్నట్టుండి పనివాళ్ళంతా మాయమైపోతారు. ఏళ్ళ తర్వాత మూతబడ్డ ఆ ఫ్యాక్టరీలోకి ఒక పాత ఉద్యోగి అడుగుపెడితే, అక్కడ అనాథ పిల్లల మీద ఏయే ప్రయోగాలు జరిగాయో ఒక్కొక్కటే బయటపడుతుంది. 2021లో వచ్చిన 'పాపీ ప్లేటైమ్' అనే కంప్యూటర్ ఆట కథ ఇది. 2014 నాటి 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్'దీ ఇదే బాణీ. పగలు పిల్లల్ని ఆడించే మరబొమ్మలు రాత్రయితే కాపలావాడి మీద పడతాయి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో పదేళ్ళ పిల్లల్ని అడిగితే ఈ బొమ్మల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్తారు. ఈ బాణీలో పుట్టుకొస్తున్న కథల్లో ఇప్పుడు రహస్య మతాలూ చేరాయి. పైన కార్టూన్ల కంపెనీ, కింద నేలమాళిగలో పూజలు, బలులు.

బెంగళూరుకు పిల్లల వినోదాన్ని నిజంగా అమ్మిన కంపెనీలకు మాత్రం నేలమాళిగలు ఉండేవి కావు. సామానంతా మోసుకుని వచ్చి, ఖాళీ మైదానంలో డేరా వేసి, గోడలకు పులి బొమ్మల పోస్టర్లు అంటించి, కొన్ని వారాలు ఆడి వెళ్ళిపోయేవి. సర్కస్ కంపెనీ అంటే ఊళ్ళో పిల్లలందరికీ సెలవొచ్చినట్టే. ఆ డేరా వెనక చీకటి ఉంది. అయితే దాన్ని దాచడానికి ఎవరూ పెద్దగా కష్టపడలేదు. అందులో సగం రింగు మధ్యలోనే, దీపాల వెలుతురులోనే కనిపించేది.

సర్కస్ మన దేశానికి వచ్చిన కథ 1879తో మొదలవుతుంది. ఇటలీకి చెందిన జుసెప్పె కియారీని తన 'రాయల్ ఇటాలియన్ సర్కస్'తో బొంబాయిలో దిగాడు. చూసినవారిలో కురుంద్వాడ్ సంస్థానాధీశుడూ, ఆయన గుర్రాల శాల చూసే విష్ణుపంత్ ఛత్రే కూడా ఉన్నారు. ఇలాంటి సర్కస్ పెట్టడం భారతీయుల వల్ల అయ్యే పని కాదని కియారీని ఎగతాళి చేశాడనీ, ఛత్రే పందెం కాశాడనీ చెప్పుకుంటారు. పందెం మాట ఎలా ఉన్నా, 1880 మార్చి 20న ఛత్రే 'గ్రేట్ ఇండియన్ సర్కస్' బొంబాయిలో తొలి ఆట ఆడింది. గుర్రం మీద విన్యాసాలు ఆయనవి, ఉయ్యాల మీదవి ఆయన భార్యవి.

అదే 1879లో లండన్‌లో ఇంకొక సంగతి జరిగింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల చేత ప్రాణానికీ అవయవాలకూ ముప్పు తెచ్చే ప్రదర్శనలు చేయించకూడదని బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. 1897లో దాన్ని ఇంకా బిగించి, మగపిల్లలకు పదహారేళ్ళు, ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్ళు హద్దుగా పెట్టింది. ఆ రోజుల్లో ఆ పార్లమెంటే మన దేశాన్నీ ఏలుతోంది. ఈ చట్టం మాత్రం ఓడెక్కలేదు. సర్కస్ మన రేవులో దిగింది, దాని వెంట రావలసిన కట్టడి అక్కడే ఉండిపోయింది. భారతదేశంలో సర్కస్‌లలో పిల్లల్ని పెట్టకూడదని ఖరాఖండిగా చెప్పడానికి ఇంకా 132 ఏళ్ళు పట్టింది.

ఛత్రే బృందం 1880లలో మలబారు తీరంలోని తలశ్శేరి చేరినప్పుడు కీలేరి కుంజికన్నన్ అనే వ్యాయామ గురువు దాన్ని చూశాడు. కళరి విద్య తెలిసినవాడు. 1901లో తలశ్శేరి పక్కన చిరక్కరలో సర్కస్ బడి పెట్టాడు. దేశంలోని చాలా డేరాలకు ఆ చుట్టుపక్కల ఊళ్ళే మనుషుల్ని అందించాయి. 1951లో మలయాళీలు ఎం.వి. శంకరన్, కె. సహదేవన్ గుజరాత్‌లోని బిలిమోరాలో మొదలుపెట్టిన జెమినీ సర్కస్ కూడా ఆ వరసలోదే. రాజ్ కపూర్ 'మేరా నామ్ జోకర్'కూ, తెలుగులో 'విచిత్ర సోదరులు'గా వచ్చిన కమల్ హాసన్ సినిమాకూ డేరా ఇచ్చింది ఆ జెమినీయే.

మనవాళ్ళూ తక్కువేం తినలేదు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, ఆ తర్వాత సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసుల్ని గాలి బిగబట్టి తెంచడం, కదలబోయే మోటారు కార్లను పట్టి ఆపడం ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే విద్యలు. కలియుగ భీముడనీ, ఇండియన్ హెర్క్యులస్ అనీ బిరుదులు. ఆయన డేరా చుట్టూ దేశభక్తి కూడా అల్లుకుంది. తెల్లవాడి సర్కస్‌ను మించిన సర్కస్ మనదీ ఉందనే గర్వం ఎంత పెద్దదంటే, రింగులోకి వచ్చే చిన్నవాళ్ళు ఎవరు, ఎక్కడివాళ్ళు అని అడగాలన్న ఆలోచన ఎవరికీ రానంత.

అసలు పిల్లల్ని ఎత్తు మీద ఆడించడం మనకు డేరాలతో వచ్చిన అలవాటు కాదు. గడ పాతి, దాని కొసన పిల్లను తిప్పే దొమ్మరాట అంతకు ఎన్నో తరాల ముందునుంచీ ఉంది. గడ ఎక్కి ఆడే స్త్రీని గడసాని అనేవారు. దొమ్మరులు కర్ణాటకలోనూ ఉన్నారు, అక్కడ దొంబరు అంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి. బెంగళూరు, కోలారు ప్రాంతాల సంతల్లో, జాతరల్లో డోలు మోతకు జనం చేరితే, తీగ మీద నడిచే పిల్ల మాటలు తెలుగులోనే వినిపించేవి. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ సంపుటాలు కూడా వీళ్ళ విన్యాసాల గురించి చెప్తాయి. ఇక్కడ తేడా ఒకటుంది. గడ మీది పిల్ల కింద డోలు వాయించే తండ్రికి కనబడుతూనే ఉంటుంది. పడితే పట్టేది ఇంటివాళ్ళే. పేదరికం కుటుంబాన్ని మొత్తంగా గడ ఎక్కించింది. ఆ పద్ధతి మంచిదని ఎవరూ అనలేరు. కానీ కంపెనీ వచ్చాక పిల్లకూ ఇంటికీ మధ్య దళారి, అడ్వాన్సు, ఒప్పందం అనే మూడు గోడలు లేచాయి.

బెంగళూరు సర్కస్ చరిత్రలో అన్నిటికన్నా చేదు రోజు 1981 ఫిబ్రవరి 7, శనివారం. ఊళ్ళో ఆడుతున్న వీనస్ సర్కస్ డేరా అంటుకుంది. పై గుడ్డ కాలి జనం మీద కూలింది. దారుల దగ్గర తొక్కిసలాట. చనిపోయినవారు 92 మందిగా లెక్క తేలింది, వారిలో ఎక్కువమంది పిల్లలు. 

ఇలాంటిది ప్రపంచంలో అదే మొదటిది కాదు. 1944 జులై 6న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో రింగ్లింగ్ బ్రదర్స్ డేరా మండి 167 మంది పోయారు. వాన దిగకుండా ఆ గుడ్డకు పారఫిన్ మైనాన్ని గ్యాసోలిన్‌లో కరిగించి పూశారు. అంటే దీపపు వత్తిని తయారుచేసి దాని కింద వేలమందిని కూర్చోబెట్టారన్నమాట. పులుల్ని రింగులోకి తోలే ఇనుప కటకటాల దారి బయటికెళ్ళే మార్గాలకు అడ్డంగా ఉంది. 1961 డిసెంబరు 17న బ్రెజిల్‌లోని నితెరోయ్‌లో మండిన డేరా ఐదువందల మందికి పైగా జనాన్ని మింగింది. అక్కడా పిల్లలే ఎక్కువ. ఆ ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే జోసె దాత్రినో అనే లారీల యజమాని తనకు ఏవో వాణులు వినిపించాయని అన్నీ వదిలేసి వచ్చి, ఆ బూడిద మీద తోట వేసి, ఏళ్ళపాటు అక్కడే ఉండి, దయ గురించి బోధిస్తూ ప్రవక్త అనిపించుకున్నాడు. సర్కస్ నుంచి ఒక మత ప్రచారకుడు పుట్టిన ఉదాహరణ ఇది. ఆయన చేతిలో ఎవరికీ హాని జరగలేదు.

మరి బెంగళూరు ఈ ఏళ్ళన్నిటిలో దేనికి భయపడింది?

1990లలో ఈ ఊరి గల్లీల్లో తలుపుల మీద 'నాళె బా' అని రాసుకున్నారు. రాత్రిపూట ఒక దయ్యం ఇంటివాళ్ళ గొంతుతో పిలుస్తుందట, తలుపు తీస్తే అంతేనట, రేపు రమ్మని రాసి ఉంటే చదువుకుని వెనక్కి పోతుందట. ఇంచుమించు ఆ కాలంలోనే తెలుగు ఊళ్ళలో గోడలన్నీ 'ఓ స్త్రీ రేపు రా' అన్నాయి. అంతకన్నా పాత భయం బలి భయం. వంతెన నిలబడాలంటే పిల్లల తలలు కావాలట, ప్రాజెక్టు వాళ్ళు గోతాలతో తిరుగుతున్నారట అనే పుకార్లు వినకుండా పెరిగిన తరం మన దగ్గర లేదు. బెంగళూరుకైతే ఇది పుట్టుకతోనే వచ్చింది. 1537లో కెంపేగౌడ కోట కడుతుంటే వాకిలి నిలవలేదనీ, నిండు చూలాలి బలి కావాలన్నారనీ, కోడలు లక్ష్మీదేవి రాత్రివేళ తనను తానే అర్పించుకుందనీ స్థల కథ. కోరమంగలలో ఆమె సమాధిగా చూపించే చోటు నేటికీ ఉంది.

సర్కస్ వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోతారని తల్లులు బెదిరించడం ఈ వరసలోదే. అల్లరి పిల్లాణ్ణి ఇంట్లో ఉంచడానికి బూచాడి తర్వాత వాడే పేరు అది. విచిత్రం ఏమిటంటే, అలా బెదిరించిన తల్లులే ఆదివారం పిల్లల్ని సర్కస్‌కి తీసుకెళ్ళి, తమ పిల్ల వయసే ఉన్న ఇంకో పిల్ల తలకిందులుగా వేలాడుతుంటే చప్పట్లు కొట్టారు.

భయం దారి తప్పితే ఏమవుతుందో 2018లో ఈ ఊరు చూసింది. ఆ మే నెలలో కిడ్నాపర్ల ముఠాలు దిగాయనే వాట్సాప్ సందేశాలు తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటకలను చుట్టబెట్టాయి. వాటితో తిరిగిన ఒక వీడియోలో మోటారు సైకిల్ మీద వచ్చినవాళ్ళు వీధిలో ఆడుతున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి తిరిగి దింపి, హెచ్చరిక అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కత్తిరించారు. మే 23న బెంగళూరు చామరాజపేటలో రాజస్థాన్ నుంచి పనికోసం వచ్చిన 26 ఏళ్ళ యువకుణ్ణి పిల్లల్ని ఎత్తుకుపోయేవాడనే అనుమానంతో జనం కొట్టి చంపేశారు. అమెరికా వాళ్ళకీ ఈ జబ్బు పట్టింది. 1983లో కాలిఫోర్నియాలోని మెక్‌మార్టిన్ బాలబడిలో సైతాను పూజలు జరుగుతున్నాయని, బడి కింద రహస్య సొరంగాలున్నాయని ఆరోపణలు రేగాయి. 1990 దాకా కేసులు నడిచాయి. ఒక్క శిక్షా పడలేదు.

అలాగని పిల్లల పాటల వెనక దాక్కున్న మతాలు అసలే లేవనడం తప్పు. 1968లో కాలిఫోర్నియాలో డేవిడ్ బెర్గ్ మొదలుపెట్టిన 'చిల్డ్రన్ ఆఫ్ గాడ్' అచ్చం ఆ కోవలోదే. ఆ ముఠాలో పెరిగిన పిల్లలు వీధుల్లో పాడి డబ్బు తెచ్చేవాళ్ళు. తర్వాత హాలీవుడ్ నటుడైన రివర్ ఫీనిక్స్ చిన్నప్పుడు చెల్లెలితో కలిసి వెనిజువెలా రాజధాని కరాకస్ వీధుల్లో అలాగే పాడాడు. 'కిడ్డీ విడ్డీ', 'ట్రెజర్ ఆటిక్' పేర్లతో ఆ ముఠా పిల్లల వీడియోలు కూడా తీసింది. ఆ ఆటపాటల ఇళ్ళలో పిల్లల మీద లైంగిక దాష్టీకం విస్తారంగా జరిగిందని 1995లో ఇంగ్లండ్‌లో ఒక బిడ్డ సంరక్షణ కేసులో జస్టిస్ వార్డ్ తేల్చాడు, మూలం బెర్గ్ బోధనలేనన్నాడు. కథల్లోని కంపెనీకి నిజజీవితంలో దగ్గరి చుట్టం ఇది. కానీ దాని గొలుసు విశ్వాసం. బెంగళూరు డేరాల్లోని గొలుసు స్టాంపు కాగితం.

ఆ కాగితం ఎలా పనిచేసేదో చూడాలంటే నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాకు, దాని ముఖ్యపట్టణం హెటౌడా చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళాలి. సర్కస్‌లకు ఆడపిల్లల్ని అందించిన పెద్ద వనరు అది. కేరళలో చదువు పెరిగి, గల్ఫ్ దారి తెరుచుకుని, అక్కడి ఇళ్ళు పిల్లల్ని డేరాలకు పంపడం మానేశాక యజమానులు ఉత్తరాది వైపు చూశారు. ఏజెంటు ఊళ్ళోకి వస్తాడు, సాధారణంగా తెలిసినవాడే. నాట్యం నేర్పుతారు, మంచి తిండి, ఊరూరూ తిరగొచ్చు, ఇంటికి డబ్బు వస్తుంది అంటాడు. చదువురాని తండ్రి వేలిముద్ర వేస్తాడు. ఏళ్ళ తరబడి పిల్ల కంపెనీలో ఉండాలి, మధ్యలో తీసుకెళ్ళాలంటే నష్టపరిహారం కట్టాలి. అడ్వాన్సు నాలుగు రోజుల్లో ఖర్చవుతుంది. పరిహారం కట్టే స్తోమత ఆ ఇంటికి ఎప్పటికీ రాదు.

2004 జూన్ 15న ఉత్తరప్రదేశ్ గోండా జిల్లా కర్నైల్‌గంజ్‌లో ఆడుతున్న గ్రేట్ రోమన్ సర్కస్‌లో ఉన్న నేపాలీ ఆడపిల్లల్ని విడిపించడానికి కైలాశ్ సత్యార్థి తన 'బచ్‌పన్ బచావో ఆందోళన్' సహచరులతో, పిల్లల తల్లిదండ్రులతో వెళ్ళాడు. సర్కస్ మనుషులు వాళ్ళ మీద పడి చితకబాదారు. పదేళ్ళ తర్వాత నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మనిషి ఆ రోజు నెత్తురోడుతూ బయటపడ్డాడు. 2006లో ఆ సంస్థ సుప్రీంకోర్టుకెక్కింది. ఆ పిటిషన్‌లో డేరా దినచర్య ఉంది: తెల్లవారకముందే తిట్లతో, దెబ్బలతో సాధన, ఒక టీ, రెండు బిస్కెట్లు, రోజుకు మూడు నుంచి ఐదు ఆటలు, జనం వెకిలి మాటలు, అర్ధరాత్రి దగ్గర పడ్డాక నిద్ర. 2011 ఏప్రిల్ 18న జస్టిస్ దల్వీర్ భండారీ, జస్టిస్ ఎ.కె. పట్నాయక్ తీర్పు చెప్పారు. సర్కస్‌లలో పిల్లల్ని పెట్టడాన్ని నిషేధిస్తూ ప్రభుత్వం ప్రకటన తేవాలి, అన్ని సర్కస్‌ల మీద ఒకేసారి దాడులు చేసి పిల్లల్ని విడిపించాలి, పునరావాసం చూపాలి.

సర్కస్ వాళ్ళ వైపు మాట కూడా వినాలి. లేత ఎముకలున్నప్పుడే ఒంటిని వంచడం నేర్పాలని వాళ్ళంటారు. జిమ్నాస్టిక్స్ కోచ్ అనేదీ అదే. కులం పేరుతో గుడి వాకిలి దాటనివ్వని రోజుల్లో మలబారు అబ్బాయిలకు, అమ్మాయిలకు డేరా మనిషిలా బతికే బతుకు ఇచ్చిందన్నదీ నిజం. డేరాలోనే పుట్టి, అక్కడే పెళ్ళాడి, దాన్ని ఇల్లనుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఈ వాదనలో బలం ఉంది గానీ, నేర్పడానికీ కట్టేయడానికీ మధ్య గీత ఎక్కడుందో చూపమంటే యజమానుల దగ్గర సమాధానం ఉండేది కాదు.

జంతువుల సంగతి చూస్తే ఈ ఆలస్యం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి, ఈ అయిదింటినీ ఆడించకూడదని కేంద్రం 1998 అక్టోబరు 14న ప్రకటన చేసింది. సర్కస్ యజమానులు కోర్టుకెళ్ళారు. 2000లో కేరళ హైకోర్టు, 2001లో సుప్రీంకోర్టు నిషేధాన్ని సమర్థించాయి. బోన్లలోంచి బయటపడ్డ సింహాలూ పులులూ ఎక్కడికెళ్ళాలి? బెంగళూరు పక్కన బన్నేరుఘట్టలో, మన విశాఖపట్నంలో, తిరుపతిలో వాటికి సంరక్షణ కేంద్రాలు పెట్టారు. డేరాలో మంట చక్రంలోంచి దూకిన సింహం బన్నేరుఘట్ట నీడలో ముసలిదయ్యే వేళకు, అదే రింగులో ఉయ్యాల మీదున్న పిల్లకు ఇంకా విడుదల రాలేదు. 1998కీ 2011కీ మధ్య పదమూడేళ్ళు.

విడుదలైన కొందరు ఆ విద్యను వదల్లేదు. కాఠ్మండూలో అలా బయటపడ్డ యువతీయువకులు కలిసి 'సర్కస్ కాఠ్మండూ' పెట్టుకున్నారు. వాళ్ళ మీద 2017లో 'ఈవెన్ వెన్ ఐ ఫాల్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. మన దగ్గర డేరాలు బక్కచిక్కాయి. పులులు పోయాయి, పిల్లలు పోయారు, ఆఫ్రికా నుంచి వచ్చిన విన్యాసకారులతో కొన్ని కంపెనీలు నెట్టుకొస్తున్నాయి. 2005లో బిడది దగ్గర వండర్లా తెరిచాక బెంగళూరు పిల్లల ఆదివారాలు అటు మళ్ళాయి.

2016లో పార్లమెంటు బాలకార్మిక చట్టాన్ని సవరించింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ఏ పనీ చేయకూడదంటూనే, సినిమాలు, టీవీ సీరియళ్ళు, ప్రకటనలు, అలాంటి ఇతర వినోదాల్లో కళాకారులుగా చేయొచ్చని మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపులోనే, సర్కస్ తప్ప, అని రాసింది. 2017 నిబంధనల ప్రకారం పిల్లల చేత రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం ఆ పిల్ల పేరున బ్యాంకులో డిపాజిట్ చేయాలి, నిర్మాత ముందుగా జిల్లా మెజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. ఈ నిబంధనలు రాసినవాళ్ళ మనసులో స్టూడియో ఉంది, సెట్టు ఉంది, నిర్మాత అనే ఒక మనిషి ఉన్నాడు. బెంగళూరు ఫ్లాట్లలో ఇప్పుడు పాప ఆడుకునే గదే సెట్టు, అమ్మ ఫోనే కెమెరా, నాన్నే నిర్మాత. బొమ్మల కంపెనీలు పార్సిళ్ళు పంపుతాయి, పాప విప్పి చూపిస్తుంది, లక్షల మంది పిల్లలు చూస్తారు. ఆ నాన్న జిల్లా మెజిస్ట్రేటు ఆఫీసుకు వెళ్ళి దరఖాస్తు పెట్టుకోవాలా అక్కర్లేదా అని అడగడానికి ఇప్పటికైతే ఏ ఇన్‌స్పెక్టరూ ఆ తలుపు తట్టడం లేదు.